తాత్కాలిక సంగీత శాఖ

మా మణిద్వీప స్టూడియో రిసెప్షన్‌లో గోడ నిండా ఒక బొమ్మ ఉంటుంది. పైన పెద్ద అక్షరాలతో ‘మణిద్వీపలో సినిమా సంగీత పరిణామం’ అని రాసి ఉంటుంది. కోతి నుంచి మనిషి వచ్చిన బొమ్మ మీరంతా స్కూలు పుస్తకాల్లో చూసే ఉంటారు. ఇదీ అదే వరసలో గీయించారు. ఎడమ చివర పంచె కట్టుకుని, హార్మోనియం ముందు వంగి కూర్చున్న ఒకాయన. మధ్యలో ప్యాంటు వేసుకుని, కాస్త నడుమెత్తి, వయొలిన్ పట్టుకున్న ఇంకొకాయన. కుడి చివర సూటూ బూటూ వేసుకుని, నిటారుగా నిలబడి, చేతిలో ఏ వాయిద్యమూ లేని మా మేనేజింగ్ డైరెక్టర్ ఇంద్రజిత్ గారు.

ఎడమ చివర బొమ్మకి కూర్చున్నది మా మాస్టారే. సంగీత దర్శకుడు భట్టిప్రోలు నీలాద్రి గారు. ఆ పంచె ఆయనది కాదు, కాస్ట్యూమ్స్ వాళ్ళు తెచ్చి కట్టారు. నా పేరు వామనమూర్తి. మాస్టారు పాడితే స్వరాలు రాసుకుని వాయించేవాళ్ళకి పంచిపెట్టడం నా ఉద్యోగం. ఈ పరిణామమంతా నా కళ్ళ ముందే జరిగింది కనుక, గోడ మీద పట్టని సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

పూర్వం మా దగ్గర సంగీతానికి ఒక పద్ధతంటూ ఉండేది కాదు. దర్శకుడు సినిమా తీసి, ముక్కలన్నీ వరసగా అతికించి, మాటలు మాత్రమే వినపడే ఆ సినిమాని మాస్టారికి చూపించేవాడు. మాస్టారు చూసేవారు. టీ తాగేవారు. కాసేపు కిటికీలోంచి పార్కింగ్ వైపు చూసేవారు. తర్వాత “వామనా, రాసుకో” అనేవారు. నేను రాసుకునేవాణ్ణి. వాయిద్యకారులు వాయించేవాళ్ళు. సినిమా విడుదలయ్యేది. ఇందులో ఒక సమావేశం లేదు, ఒక నివేదిక లేదు, ఒక ధ్రువపత్రం లేదు. ఇంత బాధ్యతారహితంగా స్టూడియో ఇన్నేళ్ళు ఎలా నడిచిందా అని తర్వాత వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

ఇంద్రజిత్ గారి తాతగారు స్టూడియో కట్టారు. నాన్నగారు నడిపారు. కట్టడమూ నడపడమూ అయిపోయాయి కనుక ఈయనకి అభివృద్ధి చెయ్యడం ఒక్కటే మిగిలింది. ఆ పని మీద హాలీవుడ్ వెళ్ళి, అక్కడొక మహా స్టూడియోలో సంగీత విభాగం చూసి వచ్చారు. రాగానే మమ్మల్నందర్నీ ప్రివ్యూ థియేటర్లో కూర్చోబెట్టారు.

“అక్కడ మ్యూజిక్ చెయ్యకముందే మ్యూజిక్ ఉంటుంది,” అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు. అందరం తలూపాం.

ఆయన వివరంగా చెప్పాక తెలిసిందేమిటంటే, అక్కడ సినిమా సగం తయారవగానే ఎడిటర్ ఏదో పాత సినిమా సంగీతం తీసుకొచ్చి దాని కింద పెడతాడు. చూసేవాళ్ళకి బోసిగా ఉండకూడదని. అసలు సంగీతం తయారయ్యాక దీన్ని తీసేస్తారు. అందుకే దాన్ని తాత్కాలిక సంగీతం అంటారు.

“అంటే మన పెళ్ళిళ్ళలో అద్దె నగల్లాగన్నమాట,” అన్నారు మాస్టారు.

“ఎగ్జాక్ట్‌లీ!” అన్నారు ఇంద్రజిత్ గారు.

అద్దె నగలు తిరిగి ఇచ్చెయ్యాల్సి వచ్చినప్పుడు పెళ్ళికూతురు ఊరుకోదన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు.

దీని అమలు కోసం డాక్టర్ పరాంకుశం గారిని తీసుకొచ్చారు. ఆయన హోదా చీఫ్ ఎమోషన్ ఆఫీసర్. అంతకుముందు ఒక సిమెంటు కంపెనీలో నాణ్యత చూసేవారట. వచ్చిన రోజే సంగీతం ఆమోదించడానికి ఒక కమిటీ వేసి, ఒక సర్క్యులర్ జారీ చేశారు. ‘తాత్కాలిక సంగీతం లేని ఏ దృశ్యాన్నీ సంస్థ ప్రాంగణంలో ఎవరూ, ఏ హోదాలోనూ, ఏ కారణం చేతనూ వీక్షించరాదు.’

సర్క్యులర్ అంటే సర్క్యులరే కనుక గేటు దగ్గర సీసీ కెమెరాల గదిలో కూడా స్పీకర్లు బిగించారు. పార్కింగ్ దృశ్యాలకి ఎవరో ఎడిటర్ చేతికందిన హత్య కేసు సంగీతం పెట్టి వెళ్ళాడు. ఆ వారమంతా సెక్యూరిటీ వాళ్ళకి ప్రతి కారూ అనుమానంగానే కనపడింది. అకౌంట్స్‌ డిపార్టుమెంటు ఆయన టిఫిన్ క్యారియర్ తీసుకుని దిగుతుంటే ఇద్దరు వెనకనుంచి వచ్చి పట్టుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చిత్రలేఖ అనే అమ్మాయి మా స్టూడియోలో తన మొదటి సినిమా తీస్తోంది. తుఫాను కొట్టిన ఊరికి మళ్ళీ కరెంటు తెచ్చే ఒక లైన్‌మన్ కథ. దాని ఆఖరి దృశ్యం నేనెప్పటికీ మర్చిపోను. వాన వెలిసింది. లైన్‌మన్ స్తంభం మీద ఉన్నాడు. కింద అతని భార్య నిలబడి ఉంది. ఊళ్ళో ఒక ఇంట్లో బల్బు వెలిగింది. తర్వాత పక్కింట్లో. తర్వాత వీధి వీధంతా. అతనింకా దిగలేదు. ఆమె తలెత్తి అలా చూస్తూనే ఉంది. సినిమా అయిపోయింది.

సర్క్యులర్ రాకముందే ఆ అమ్మాయి ఈ దృశ్యాన్ని క్యాంటీన్లో తన లాప్‌టాప్ మీద మాస్టారికి చూపించింది. కింద ఏ సంగీతమూ లేకుండా. మాస్టారు మామూలుగా పార్కింగ్ వైపు చూసేవారా, ఆ రోజు అటు చూడలేదు. టీ చల్లారిపోయింది. సాయంత్రం నన్ను పిలిచి, “వామనా, రాసుకో” అన్నారు.

ఒక్క క్లారినెట్ మీద చిన్న బాణీ. మెల్లగా పైకెక్కుతుంది, పైన కాసేపు ఉంటుంది, మెట్టు మెట్టూ దిగుతుంది. సంగీతం రానివాళ్ళకి చెప్పాలంటే, సరిగమల్లో ‘స’ అనేది ఇల్లు. ఏ బాణీ అయినా తిరిగి తిరిగి చివరికి అక్కడికే వచ్చి కూర్చుంటుంది. ‘రి’ అనేది దాని ముందు మెట్టు. మాస్టారి బాణీ ఆ ‘రి’ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. నేను పెన్ను పట్టుకుని చూస్తున్నాను. ఆయన ఇంక పాడలేదు.

“‘స’కి దిగలేదేం మాస్టారూ?” అన్నాను.

“ఆడు స్తంభం దిగేడేటి, మనం దిగిపోడానికి?” అన్నారు. మాస్టారిది విజయనగరం. మనసు కుదిరినప్పుడు ఆ ఊరి మాట బయటికొస్తుంది.

మర్నాడు చిత్రలేఖ విని, కళ్ళు తుడుచుకుని, “నాకిదే కావాలి మాస్టారూ. చివర్లో ఆ ఆగడం ఉంది చూడండి, అది పోతే నాకు సినిమానే లేదు,” అంది.

ఆమె వెళ్ళాక మాస్టారు హార్మోనియం మూసి, “ఇన్నాళ్ళూ ఎవుళ్ళేది అడిగితే అది చేసేను. ఇది మాత్రం నాకోసం చేసుకున్నాను వామనా. ఇది సినిమాలో ఉండాల,” అన్నారు. ఆయన ఒక పాట గురించి అలా అనగా నేనెప్పుడూ వినలేదు.

అప్పటికి సర్క్యులర్ వచ్చేసింది. ఎడిటింగ్ రూములో ఆ దృశ్యం కింద ఒక హాలీవుడ్ అంతరిక్ష సినిమా సంగీతం పెట్టారు. వంద మంది బూరాలు ఊదుతుంటే లైన్‌మన్ స్తంభం మీద నుంచి అటే చంద్రమండలానికి వెళ్ళిపోతాడేమో అనిపించింది. కమిటీ చూసింది. ఇంద్రజిత్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ వెయ్యమన్నారు. ఇంటికెళ్ళి ఫోన్లో కూడా చూసుకున్నారు. వారం తిరిగేసరికి ఆ బూరాలు లేకుండా ఆ దృశ్యాన్ని ఊహించుకోలేని స్థితికి వచ్చేశారు.

అప్పుడు మాస్టారి క్లారినెట్ వినిపించాం.

“బాగుంది,” అన్నారు ఇంద్రజిత్ గారు. “కానీ ఆ ఫీల్ రాలేదు.”

“ఏ ఫీలండీ?”

“ఆ ఫీల్.”

పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. “మేనేజ్‌మెంటు అభిప్రాయాన్ని నేను కొలమానంలోకి అనువదిస్తాను. ఆమోదం పొందిన తాత్కాలిక సంగీతంతో తుది సంగీతానికి గల భావసామ్యం డెబ్బై శాతానికి తగ్గరాదు. నీలాద్రి గారిది నలభై కూడా దాటలేదు.”

వెంటనే లీగల్ విభాగం సత్యవాణి గారు చెయ్యెత్తారు. “పరాయివాళ్ళ సంగీతంతో పోలిక ముప్ఫై శాతం మించితే కేసవుతుంది. నేను సంతకం పెట్టను.” సత్యవాణి గారు సంగీతం వినరు. వింటే అభిమానం ఏర్పడి నిర్ణయం దెబ్బతింటుందని ఆవిడ భయం. శబ్దాన్ని గీతల్లాగా కాగితం మీద అచ్చు వేయించి, స్కేలు పెట్టి కొలుస్తారు.

సినిమాలోకి వెళ్ళాలంటే రెండు ధ్రువపత్రాలూ కావాలి.

“అంటే ఇడ్లీలా ఉండాలి, ఇడ్లీ అవకూడదు,” అన్నారు మాస్టారు.

“విషయాన్ని చక్కగా గ్రహించారు,” అని పరాంకుశం గారు అభినందించారు.

మాస్టారు బూరాలతో ఒకటి చేశారు. సత్యవాణి గారి స్కేలు ఒప్పుకోలేదు. బూరాలు తగ్గించి ఒకటి చేశారు. పరాంకుశం గారి కొలమానం ఒప్పుకోలేదు. పరీక్ష కోసం ఇంద్రజిత్ గారి తోడల్లుణ్ణి కూర్చోబెట్టి వినిపిస్తే ఆయన రెండింటికీ నిద్రపోయాడు. దాన్ని తటస్థ స్పందనగా నమోదు చేశారు.

ఈ చిక్కుముడి విప్పింది కూడా పరాంకుశం గారే. పరాయి సంగీతం వాడబట్టే కదా ఈ గొడవ, తాత్కాలిక సంగీతాన్ని మనమే సొంతంగా తయారు చేసుకుంటే సరి అన్నారు. అలా తాత్కాలిక సంగీత శాఖ పుట్టింది. మూడో అంతస్తులో ఉన్న పెద్ద రికార్డింగ్ హాలు దానికిచ్చారు. చెన్నై నుంచి మేలురకం వాయిద్యకారుల్ని రప్పించారు. అసలు సంగీతం శాఖని కింద జనరేటర్ గది పక్కకి మార్చారు. తాత్కాలికం ముందు అసలు ఒదిగి ఉండాలి కదా మరి.

ఇంత శాఖ పెట్టాక దానికి బాణీలు కట్టే మనిషి కావాలన్న ఆలోచన వచ్చింది. వెతికితే స్టూడియో మొత్తం మీద బాణీ కట్టడం వచ్చినవాడు ఒక్కడే తేలాడు. అంచేత మాస్టారు పొద్దున్న పూట తాత్కాలిక సంగీత శాఖాధిపతి, భోజనాలయ్యాక సంగీత దర్శకుడు అయ్యారు. రెండు ఐడీ కార్డులు ఇచ్చారు. పొద్దున్నది బంగారు రంగు.

మాస్టారు ఏం చేశారో ఈపాటికి మీరు ఊహించే ఉంటారు. బంగారు కార్డు మెళ్ళో వేసుకుని వెళ్ళి, తన క్లారినెట్ బాణీనే ఆ దృశ్యం కింద తాత్కాలిక సంగీతంగా పెట్టారు.

కమిటీ చూసింది. బల్బులు వెలిగాయి. క్లారినెట్ ‘రి’ దగ్గర ఆగింది. ఇంద్రజిత్ గారు మళ్ళీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఇదీ ఫీల్!” అన్నారు చివరికి. చిత్రలేఖ చప్పట్లు కొట్టేసింది.

“అయితే ఇదే ఉంచేద్దారండి,” అన్నారు మాస్టారు.

 పరాంకుశం గారు ఏదో బూతు మాట విన్నట్టు చూశారు. “నీలాద్రి గారూ, ఇది తాత్కాలికం. తాత్కాలికాన్ని శాశ్వతం చేసే సంప్రదాయం ఈ సంస్థలో లేదు. ఇవాళ ఒక పాటని పర్మనెంటు చేస్తే, రేపు కాంట్రాక్టు ఉద్యోగులందరూ గేటు ముందు కూర్చుంటారు. వాళ్ళకేం సమాధానం చెప్పమంటారు?”

ఇంద్రజిత్ గారి ముఖం పాలిపోయింది. ఆ కోణం ఆయనకి తోచలేదు.

చేసేదేముంది, మాస్టారు భోజనం చేసి, కార్డు మార్చుకుని, అదే బాణీని అసలు సంగీతంగా దాఖలు చేశారు. పోలిక నూటికి నూరు శాతం వచ్చింది. పరాంకుశం గారు ధ్రువపత్రం ఇచ్చి, స్టూడియో చరిత్రలో ఇదే రికార్డని మెచ్చుకున్నారు. సత్యవాణి గారు మాత్రం స్కేలు కింద పెట్టి, “ఇది పచ్చి కాపీ. తాత్కాలిక శాఖవారి సొత్తు కాజేశారు. ఆ శాఖాధిపతి ఫిర్యాదు ఇవ్వాలి,” అన్నారు.

అలా మాస్టారు పొద్దున్న తన మీద తానే ఫిర్యాదు చేసుకున్నారు, మధ్యాహ్నం దానికి సంజాయిషీ ఇచ్చుకున్నారు. రెండూ నేనే రాశాను. ఫిర్యాదులో కాస్త కోపం తగ్గిందని సత్యవాణి గారు వెనక్కి పంపితే మళ్ళీ రాశాను. విచారణ రోజు బల్లకి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ వేశారు. ప్రశ్న ఎటు అడిగితే మాస్టారు అటు వెళ్ళి కూర్చున్నారు.

“మీరు తాత్కాలిక శాఖాధిపతి బాణీని కాపీ కొట్టారా?” అని సత్యవాణి గారు అడిగారు.

“లేదండి. నా సొంతం.”

“ఏమండీ శాఖాధిపతి గారూ, ఆయన సొంతం అంటున్నారే?”

మాస్టారు లేచి, ఇటు వచ్చి కూర్చుని, కార్డు మార్చుకున్నారు. “ఆయనలాగే అంటాడండి. నాకు చిన్నప్పణ్ణించి తెలుసు.”

“రాజీ పడతారా?”

“మాలో మాకు గొడవేటీ లేదండి. మీరు పిలిచేరని వచ్చేం.”

ఇరుపక్షాలూ కుమ్మక్కయ్యారన్న అనుమానంతో సత్యవాణి గారు ఆ బాణీని వివాదాస్పద ఆస్తిగా ప్రకటించి, తేలేదాకా ఎవరూ వాడకూడదన్నారు. మాస్టారు ఆ సాయంత్రం జనరేటర్ గది పక్కన కూర్చుని, రెండు కార్డుల తాళ్ళూ వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ గడిపారు. ఆయన్ని చూస్తే నాకు నవ్వు రాలేదు. చిత్రలేఖ వచ్చి, విడుదల దగ్గర పడుతోందని, ఏం చెయ్యాలో తోచడం లేదని ఏడ్చింది.

పరాంకుశం గారు మళ్ళీ ఆదుకున్నారు. “లోపం మూలంలో ఉంది. తాత్కాలిక సంగీతానికి కూడా ముందు ఒక తాత్కాలికం ఉండాలి. దాన్ని ఆది తాత్కాలికం అందాం. అది ఎవరి ఫిర్యాదుకీ అందని ఎత్తులో పుట్టాలి.” అంత ఎత్తున స్టూడియోలో ఒక్కరే ఉన్నారు. ఇంద్రజిత్ గారి కారులో, ఆఫీసులో, లిఫ్టులో మైకులు పెట్టారు. ఆయన సహజంగా ఏది కూనిరాగం తీస్తే అది ఆది తాత్కాలికం. దాని మీద సర్వహక్కులూ కంపెనీవే.

కారులో ఆయన ఫోన్లు మాట్లాడారు. ఆఫీసులో ఆవులించారు. చివరికి లిఫ్టులో పాడారు. ఏడో అంతస్తు నుంచి కిందికి వస్తూ, అద్దంలో క్రాఫు సరిచేసుకుంటూ, మధురంగా ఒక కూనిరాగం తీశారు. కమిటీ అంతా కూర్చుని విన్నాం. మొదటి పలుకు వినగానే నేను మాస్టారి వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. అది ఆయన బాణీయే. ప్రివ్యూలో అన్నిసార్లు వినీ వినీ ఇంద్రజిత్ గారికి అది నోట్లో స్థిరపడిపోయింది. ఎక్కింది, పైన కాసేపు ఉంది, మెట్టు మెట్టూ దిగింది, ‘రి’ దగ్గరికి వచ్చింది. అంతలో లిఫ్టు గ్రౌండ్ ఫ్లోర్‌కి చేరింది. ఇంద్రజిత్ గారు కూడా హాయిగా ‘స’లోకి దిగి, తలుపు తెరుచుకుని బయటికి వెళ్ళిపోయారు.

పుచ్చిపోయిన పన్ను మీద చల్లనీళ్ళు తగిలినట్టు మాస్టారు మొహం చిట్లించారు.

“ఎండీ గారి అంతరంగం నుంచి ఉద్భవించిన బాణీ!” అని ప్రకటించారు పరాంకుశం గారు. ఇంద్రజిత్ గారు సిగ్గుపడ్డారు. “ఏమో, అలా వచ్చేసిందంతే,” అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. తనదే అని నిజంగానే నమ్మారు.

నేను లేవబోతే మాస్టారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. “ఊరుకో. పాట సినిమాలోకెళ్తోంది,” అన్నారు మెల్లగా.

రెండు ధ్రువపత్రాలూ ఒక్క పూటలో వచ్చాయి. ఎండీ గారి కూనిరాగంతో పోలి ఉంది కనుక పరాంకుశం గారి సంతకం, ఎండీ గారి సొత్తు కంపెనీ సొత్తే, ఇంక వివాదమే లేదు కనుక సత్యవాణి గారి సంతకం. బాణీని లిఫ్టులో పాడినట్టే, ‘స’తో సహా, రికార్డు చేశారు. ఇంకు ఆరకముందే పబ్లిసిటీ వాళ్ళు దాన్ని ట్రైలర్లో పెట్టి వదిలేశారు. ఊరంతా అదే మోగింది. రింగుటోన్లు, రీల్సు, పెళ్ళి వీడియోలు, ఒకటేమిటి.

చిత్రలేఖ మాత్రం ఒప్పుకోలేదు. నేరుగా ఇంద్రజిత్ గారి గదికి వెళ్ళింది. మేం తలుపు దగ్గర నిలబడ్డాం.

“సార్, మనిషింకా స్తంభం మీదే ఉన్నాడు. పాట ముందే దిగి ఇంటికెళ్ళిపోయింది. మరి ఆవిడ అక్కడ నిలబడి ఎవర్ని చూస్తున్నట్టు సార్?”

ఇంద్రజిత్ గారు ఆలోచనలో పడ్డారు. ఆయన చెడ్డవాడు కాదు, ఎవరైనా గట్టిగా చెబితే వింటారు. అక్కడే ఉన్న పరాంకుశం గారు కూడా ఫైలు తిరగేసి, “నటుడికంటే ముందు సంగీతం దిగడం సమన్వయ లోపమే. ఉన్నతస్థాయిలో పనిచేసే సిబ్బందికి కింద తోడు ఉండాలన్న భద్రతా నియమానికి కూడా విరుద్ధం,” అన్నారు. దాంతో ఒక సడలింపు ఉత్తర్వు వచ్చింది. ఆఖరి స్వరం విషయంలో మాత్రమే, ఈ ఒక్క సినిమాకి మాత్రమే, దీన్ని ఉదాహరణగా చూపి మరెవరూ మరే స్వరమూ కోరరాదు.

మళ్ళీ రికార్డు చేశాం. క్లారినెట్ ఆయన ‘రి’ పట్టుకుని, సన్నగా చేసి, వదిలేశాడు.  నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మాస్టారు డాక్టరు వద్దన్న మిరపకాయ బజ్జీలు క్యాంటీన్లో ఒక ప్లేటు తిని, ఇంకో ప్లేటు చెప్పారు.

సినిమా విడుదలైన రోజు మాస్టారూ చిత్రలేఖా నేనూ ఉదయం ఆటకి వెళ్ళాం. హాలు నిండింది. ఆఖరి దృశ్యం వచ్చింది. బల్బులు ఒక్కొక్కటే వెలిగాయి. క్లారినెట్ ఎక్కింది, దిగింది, ‘రి’ దగ్గర ఆగింది. చిత్రలేఖ ఊపిరి బిగబట్టింది.

ముందు వరసలో ఎవరో ‘స’ అందుకున్నారు. కావాలని కాదు, పాపం, పూర్తి చేశారంతే. వెనక ఇంకో ఇద్దరు. తర్వాత హాలు హాలంతా తలా కాస్త గొంతుతో ఆ పాటని దించి ఇంటికి చేర్చింది. తెర మీద ఆమె మాత్రం పైకి చూస్తూ నిలబడింది.

బయటికొస్తుంటే ఒకతను పక్కవాడితో అంటున్నాడు. “ట్రైలర్ల మంచిగుండె గదనే. ఈడ ఎవడో చివర్ల కట్ చేసిండు.”

“సౌండ్ బాక్స్ ఖరాబైనట్టుంది. మేనేజర్‌కి చెప్దాం పా,” అన్నాడు రెండోవాడు.

నాకు ఆ ఇద్దరి మీదా కోపం రాలేదు. మొదట ఏది వింటే అదే అసలనుకోవడం మా కమిటీకి మాత్రమే అంటుకున్న జబ్బు కాదని అప్పుడర్థమైంది. అన్ని హాళ్ళ నుంచీ అదే ఫిర్యాదు. సాయంత్రానికి సమావేశం పెట్టారు.

“ప్రజలు తీర్పు చెప్పారు,” అన్నారు ఇంద్రజిత్ గారు గంభీరంగా. ‘స’ తిరిగి వచ్చేసింది.

“మరి సమన్వయ లోపం?” అని చిత్రలేఖ ఆఖరి ఆశతో అడిగింది. “పాట దిగిపోతే మనిషి పైనే ఉన్నాడు కద సార్?”

పరాంకుశం గారు దానికీ సిద్ధంగానే ఉన్నారు. “ప్రజామోదం పొందిన పాటని మార్చలేం. అందుచేత మనిషిని దించుదాం.”

దించారు. స్తంభం సెట్టు మళ్ళీ వేశారు. లైన్‌మన్ పాటకి సరిగ్గా అడుగు వేస్తూ దిగాడు. ‘స’ వచ్చేసరికి కాలు నేల మీద ఆనించాడు. భార్య తువ్వాలు అందించింది. ఇద్దరూ నవ్వారు.

“ఇప్పుడావిడ చూడ్డానికి ఏం మిగిలింది సార్?” అంది చిత్రలేఖ. 

“మనల్ని చూస్తుందమ్మా. కెమెరాలోకి,” అన్నారు ఇంద్రజిత్ గారు ఆప్యాయంగా.

రెండో వారం నుంచి ఆ కొత్త ముగింపే ఆడింది. బాగా ఆడింది కూడా. తెర మీద ‘మూల బాణీ: ఇంద్రజిత్’ అని, దాని కింద చిన్న అక్షరాల్లో ‘తాత్కాలిక సంగీతం: నీలాద్రి’ అని పడుతుంది.

విజయోత్సవం మర్నాడు నేను జనరేటర్ గది పక్కన కాగితాలు సర్దుతున్నాను. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. చిత్రలేఖ తన ఐడీ కార్డు గేటు దగ్గర అప్పగించేముందు మాస్టారికి చెప్పి వెళ్దామని వచ్చి, గుమ్మంలో నిలబడింది.

“ఏటది, నువ్వు పాడుతున్నది?” అన్నారు మాస్టారు ఉన్నట్టుండి.

పాడుతున్నానని అప్పుడే తెలిసింది నాకు. ఆ బాణీయే. చివర్లో ‘స’తో. నా చేత్తో రాసుకున్న బాణీ, ‘రి’ దగ్గర ఎందుకాగిందో నేను స్వయంగా అడిగి తెలుసుకున్న బాణీ. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన కోప్పడలేదు. లేచి తలుపు వేశారు. జనరేటర్ రొద కొంచెం తగ్గింది. చిత్రలేఖ తబలా పెట్టె మీద కూర్చుంది.

“మళ్ళీ పాడు,” అన్నారు.

పాడాను. చివర్లో జారిపోయాను.

“మళ్ళీ.”

మళ్ళీ జారాను. చిత్రలేఖ కూడా గొంతు కలిపింది. ఆ అమ్మాయీ జారింది. ఇద్దరం ఆయన మొహం చూడలేకపోయాం.

“పరవాలేదు. మొదట్నించీ,” అన్నారు మాస్టారు.

ఎక్కాం. పైన కాసేపు ఉన్నాం. మెట్టు మెట్టూ దిగాం. ‘రి’ దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి పైకెత్తారు.

“అక్కడ. అక్కడే ఆగండి.”

గొంతు దిగిపోదాం, దిగిపోదాం అంటోంది. ఆగాం.